జడత్వపు మీట: ఒక చిన్న పరికరం చరిత్ర

మోటారు కారు చరిత్ర వ్రాసినవారు ఎక్కువగా అది పరుగెత్తిన కథనే వ్రాశారు. ఏ యేట ఎన్ని అశ్వాల శక్తి గల ఇంజను వచ్చింది, ఏ పందెంలో ఏ కంపెనీ బండి గెలిచింది అన్న విషయాలపై గ్రంథాలకు గ్రంథాలే ఉన్నాయి. పెట్రోలును ఇంజను దాకా చేర్చిన విధానాలకు కూడా వాటిలో తగినంత చోటు దొరుకుతుంది. ప్రమాదవేళ ఆ పెట్రోలును ఆపిన విధానాలకు మాత్రం నాలుగు పంక్తులు దక్కడమే గగనం. ఆపడం కూడా ఒక విద్యే. ఆ విద్య చరిత్రను నాకు తెలిసినంత మేరకు ఒకచోట చేర్చి చెప్పాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

1970, 80 దశకాలలో బ్రిటనులోను, అమెరికాలోను తయారైన అనేక కార్లలో ముందు సీటువారి పాదాల పక్కనో, ఇంజను గదిలోనో, డిక్కీ మూలనో గుప్పిట్లో ఇమిడిపోయే ఒక డబ్బీ బిగించి ఉంటుంది. దాని నెత్తిన ఒక బొత్తం, అడుగున విద్యుత్తు తీగలు. బండి దేనినైనా గట్టిగా ఢీకొన్న క్షణంలో ఈ డబ్బీ పెట్రోలు పంపుకు వెళ్ళే విద్యుత్తును తెంచివేస్తుంది. ఇంగ్లీషువారు దీనిని ఇనర్షియా స్విచ్ అంటారు. బండి ఆయుర్దాయం మొత్తంలో దీనికి పని పడేది ఒక్కసారి కావచ్చు. అసలు పడకపోనూ వచ్చు. పడినప్పుడు మాత్రం రెప్పపాటు కంటె తక్కువ కాలంలో ఆ పని జరిగిపోవాలి.

ఇనర్షియాకు మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో 'జడత్వం' అన్న మాట స్థిరపడింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల స్థాయి పుస్తకాలు తెలుగులో వెలువడిన తరువాత ఆ మాట మరింత వ్యాప్తిలోకి వచ్చింది. కదలనిది కదలకుండానే ఉండాలని చూస్తుంది, కదిలేది అదే దిక్కున అదే వేగంతో సాగిపోవాలని చూస్తుంది. 1687లో న్యూటను తన ప్రిన్సిపియాలో మొదటి సూత్రంగా చెప్పిన ఈ స్వభావమే జడత్వం. కాబట్టి ఈ పరికరాన్ని నేను 'జడత్వపు మీట' అని పిలుస్తాను. స్విచ్చి అన్నా నాకు అభ్యంతరం లేదు.

జడ శబ్దం వినగానే తెలుగు చదివినవారికి జడభరతుడు గుర్తుకు రాక తప్పదు. ఆంధ్ర మహాభాగవతంలో ఆ కథ గంగన తెనిగించిన పంచమ స్కంధంలో ఉంది. సింధు సౌవీర దేశాల రాజైన రహూగణుని పల్లకీకి ఒక బోయీ తక్కువైతే, దారిలో కనబడిన భరతుని పట్టుకొచ్చి బొంగు భుజానికెత్తారు. ఆయన పాదం కింద ఏ ప్రాణి నలిగిపోతుందోనని నేలను చూసి చూసి అడుగు వేసేవాడు. మిగిలినవారి నడకతో ఆయన నడక కలవలేదు. పల్లకీ కుదిపింది. లోపలి రాజుకు కోపం వచ్చింది. వేదాంతపరంగా ఆ కథకు గల అర్థం వేరే ఉన్నది. అయితే లౌకికంగా చూసినా అందులో ఒక పాఠం దొరుకుతుంది. మోసేవాడు ఆగితే పల్లకీ ఆగుతుంది. లోపల కూర్చున్న రాజు ఆగడు, ముందుకు తూలుతాడు. ఆ తూలడమే మన మీటకు ప్రాణం.

దాని లోపలి నిర్మాణం చూడండి. గరాటు ఆకారపు చిన్న గిన్నె ఒకటి. ఆ గిన్నె అడుగున ఒక అయస్కాంతం. అయస్కాంతానికి అతుక్కుని ఒక ఉక్కు గుండు. పైన ఒక పలక, పలకకు కలిసిన విద్యుత్తు స్పర్శలు. బండి మామూలుగా నడుస్తున్నంతసేపు, బ్రేకు గట్టిగా వేసినా సరే, అయస్కాంతం గుండును విడిచిపెట్టదు. బండి గోడనో మరొక బండినో ఢీకొన్నప్పుడు డబ్బీ ఆగిపోతుంది గాని గుండు ఆగదు. అయస్కాంతపు పట్టు తెంచుకుని, గరాటు అంచు వెంట పైకి ఎగబాకి, పలకను తన్నుతుంది. స్పర్శలు విడిపోతాయి. పంపుకు విద్యుత్తు ఆగిపోతుంది. నెత్తిన ఉన్న బొత్తం పైకి లేస్తుంది. గిన్నె గుండ్రంగా ఉంటుంది గనుక దెబ్బ ముందు నుండి తగిలినా, పక్క నుండి తగిలినా, వెనుక నుండి తగిలినా గుండుకు ఒకటే. అయస్కాంతం ఎంత బలంగా ఉండాలి, గరాటు వాలు ఎంత ఉండాలి అన్నదే తయారీదారు లెక్క. గుంతకు కదలకూడదు, గోడకు కదలాలి.

గుండు చేత కుదుపును చెప్పించడం కొత్త ఆలోచన కాదు. క్రీస్తు శకం 132లో చైనాలోని హాన్ రాజాస్థానంలో చాంగ్ హెంగ్ అనే పండితుడు భూకంపాన్ని పసిగట్టే కంచు పాత్ర ఒకటి చేశాడు. పాత్ర చుట్టూ ఎనిమిది దిక్కులకు ఎనిమిది డ్రాగన్ తలలు, వాటి నోట ఎనిమిది గుండ్లు, కింద నోరు తెరుచుకున్న ఎనిమిది కప్పలు. దూరాన భూమి కంపిస్తే ఒక గుండు జారి కప్ప నోట పడేది. ఆ పాత్రకూ మన డబ్బీకీ నడుమ పద్దెనిమిది శతాబ్దాల దూరం ఉన్నా, రెండూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఆధారం కదిలినప్పుడు దాని మీద ఉన్న వస్తువు ఏమి చేస్తుంది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఇటువంటి మీట కార్లకు ఎందుకు అవసరమైంది? 1908లో మొదలై 1927 దాకా తయారైన ఫోర్డు మోడల్ టి కారుకు ఇది లేదు, అవసరం కూడా ఎవరికీ తోచలేదు. దీనికి సమాధానం పెట్రోలు ప్రయాణం చేసిన దారిలో ఉంది.

మోడల్ టి కారులో పెట్రోలు తొట్టి ముందు సీటు కింద ఉండేది. పంపు లేదు. నీరు పల్లమెరిగినట్లు పెట్రోలు తనంత తానే కార్బురేటరుకు దిగేది. తొట్టిలో పెట్రోలు తక్కువగా ఉండి ఎదుట నిటారైన మిట్ట వస్తే, తొట్టి కంటె ఇంజను ఎత్తయిపోయి ధార ఆగిపోయేది. అందుకని ఆ కాలపు డ్రైవర్లు బండిని వెనక్కు తిప్పి, రివర్సులో కొండ ఎక్కేవారు. ఆ తొట్టి అడుగున చేతితో తిప్పే కుళాయి ఉండేది. తరువాత వచ్చిన మోడల్ ఎ కారులో, అంటే 1927 చివర నుండి 1931 వరకు తయారైన దానిలో, తొట్టిని అద్దం ముందు భాగానికి ఎక్కించారు. ముందు సీటులో కూర్చున్నవారి మోకాళ్ళకు ఎదురుగా పెట్రోలు నిలువ ఉండేదన్నమాట. దానికీ చేతికందే చోట ఒక కుళాయి పెట్టారు. బండి నిలిపినప్పుడల్లా ఆ కుళాయి కట్టివేయడం మంచి డ్రైవరు లక్షణం. ఈనాటికీ మోడల్ ఎ కార్లు ఉన్నవారు ఒకరికొకరు చెప్పుకునే మొదటి జాగ్రత్త ఇదే.

మన ఇళ్ళలో బజాజ్ చేతక్ నడిపినవారికి ఇది తెలిసిన విద్యే. పెట్రోలు కాక్ తిప్పడం, మధ్యదారిలో బండి ఆగితే "రిజర్వులో పడింది" అని వంగి కాక్ మళ్ళీ తిప్పడం మనం చూసినవే. ఆ కాలమంతా ఇంధనాన్ని ఆపే బాధ్యత మనిషి చేతిది. చెయ్యి మరిచిపోతే ఆపేవారు లేరు. ప్రమాదంలో చెయ్యే దెబ్బ తింటే చెప్పనక్కరలేదు.

తొట్టి మనుషుల ఒడిలో ఉండకూడదని అందరికీ తెలుసు. దానిని బండి వెనుకకు, కిందికి పంపాలంటే పెట్రోలును పైకి లాగే సాధనం కావాలి. 1920 దశకం చివరి నుండి ఆ సాధనంగా యాంత్రిక పంపు వ్యాపించింది. ఇంజనులోని క్యామ్ షాఫ్టు తిరిగినప్పుడల్లా ఒక చిన్న కర్రను తొక్కుతుంది. ఆ కర్ర లోపలి పొరను లాగుతుంది. పొర పెట్రోలును లాగుతుంది. ఈ ఏర్పాటులో ఎవరూ ప్రత్యేకంగా కోరని ఒక వరం దొరికింది. ఇంజను ఆగితే పంపు ఆగినట్లే. ఢీకొన్న బండి ఇంజను ఆగిపోయిన మరుక్షణమే వెనుక నుండి పెట్రోలు రావడం నిలిచిపోతుంది. పూర్తి రక్ష అని చెప్పలేము. దెబ్బ తిన్న తరువాత కూడా ఇంజను తిరుగుతూ ఉండవచ్చు, తొట్టి మట్టం ఎత్తుగా ఉంటే తెగిన గొట్టం గుండా దానంతటదే కారవచ్చు. అయినా ఇంజను ప్రాణానికీ పెట్రోలు ధారకూ ఒక ముడి పడి ఉండేది.

ఆ ముడిని తెంచినది విద్యుత్తు పంపు. బ్రిటనులో ఎస్‌యు కంపెనీ వారి విద్యుత్తు పంపు 1930ల నుండి ప్రసిద్ధి పొందింది. 1948లో వచ్చిన మోరిస్ మైనరు, 1959లో వచ్చిన మినీ, 1962లో వచ్చిన ఎంజిబి ఆ పంపుతోనే తయారయ్యాయి. లోపల విద్యుదయస్కాంతం పొరను లాగుతుంది, స్పర్శలు విడిపోతాయి, స్ప్రింగు పొరను వెనక్కు తోస్తుంది, స్పర్శలు మళ్ళీ కలుస్తాయి. తాళంచెవి తిప్పగానే టిక్ టిక్ మని వినబడే ఆ చప్పుడు పాత బ్రిటిషు కార్ల అభిమానులకు సంగీతం వంటిది. కార్బురేటరు గిన్నె నిండగానే లోపలి సూది దారి మూసివేస్తుంది. ముందుకు పోయే చోటు లేక పంపు తానే నిలిచిపోతుంది. గిన్నె తగ్గితే మళ్ళీ టిక్కుమంటుంది. చూడముచ్చటైన ఏర్పాటు. దానికి తెలిసినది ఒకే ఒక్క సంగతి: ముందు ఒత్తిడి ఉందా, లేదా. గొట్టం తెగి పెట్రోలు నేల మీద పోతూ ఉంటే పంపుకు అది ఖాళీ గిన్నెలాగే తోస్తుంది. తాళంచెవి తిప్పి ఉన్నంతకాలం, ఇంజను చచ్చిపోయి ఉన్నా, అది మరింత ఉత్సాహంగా టిక్కుమంటూ తొట్టిని ఖాళీ చేస్తుంది.

కార్బురేటరు కాలంలో ఈ ధార ఒత్తిడి తక్కువ. ఎస్‌యు పంపు ఇచ్చేది చదరపు అంగుళానికి సుమారు 3 పౌండ్ల లోపే. పెట్రోలు ఇంజెక్షన్ వచ్చాక లెక్క మారిపోయింది. 1967లో వచ్చిన ట్రయంఫ్ టిఆర్5, 1968లో వచ్చిన ట్రయంఫ్ 2.5 పిఐ కార్లలో లూకాస్ కంపెనీ వారి ఇంజెక్షన్ ఏర్పాటు ఉండేది. వెనుక భాగంలో ఉండే దాని విద్యుత్తు పంపు చదరపు అంగుళానికి 100 పౌండ్లకు పైగా ఒత్తిడి పుట్టించేది. అంత ఒత్తిడిలో గొట్టం చీలితే పెట్రోలు కారదు, చిమ్ముతుంది. వేడెక్కిన ఇంజను మీద చిమ్మిన పెట్రోలుకు నిప్పు అంటుకోవడానికి ఎంతసేపు?

ఈ విధంగా తెగిన ముడిని మళ్ళీ వేయడానికి ఇంజనీర్లు ఒకరు ఒక దారి, మరొకరు ఒక దారి పట్టారు. అమెరికాలో షెవర్లే వారు 1971 మోడలుగా తెచ్చిన వేగా కారులో విద్యుత్తు పంపును తొట్టిలోనే పెట్టి, దాని తీగను ఇంజను ఆయిలు ఒత్తిడి స్విచ్చి గుండా నడిపారు. ఇంజను ఆగి ఆయిలు ఒత్తిడి పడిపోతే పంపు ఆగుతుంది. జర్మనీలో బాష్ కంపెనీ 1970లలో తెచ్చిన ఎల్-జెట్రానిక్ ఏర్పాటులో, ఇంజను పీల్చే గాలికి ఊగే ఒక రెక్కకు పంపు స్పర్శను కలిపారు. గాలి కదలిక ఆగితే పంపు ఆగుతుంది. ఈ రెండూ "ఇంజను బ్రతికి ఉందా?" అని అడిగే పద్ధతులు. జడత్వపు మీట అడిగే ప్రశ్న వేరు. అది "దెబ్బ తగిలిందా?" అని నేరుగా అడుగుతుంది. దెబ్బ తిన్న తరువాత ఇంజను తిరుగుతూ ఉన్నా సరే, అది పంపును ఆపివేస్తుంది. జాగ్వార్ ఎక్స్‌జె-ఎస్ వంటి ఇంజెక్షన్ కార్లలోను, 1970ల రెండవ సగంలో అమెరికాకు ఎగుమతి అయిన ఎంజిబిలలోను ఈ మీట కనబడుతుంది. 1980లలో అమెరికాలోని ఫోర్డు కంపెనీ తన విద్యుత్తు పంపు గల బండ్లలో దీనిని విరివిగా వాడింది.

ఈ మార్పు వెనుక చట్టపు ఒత్తిడి కూడా ఉంది. 1965లో రాల్ఫ్ నాడర్ వ్రాసిన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అనే గ్రంథం అమెరికాలో కార్ల భద్రత గురించి పెద్ద చర్చ లేపింది. 1966లో అక్కడ మోటారు వాహన భద్రతా చట్టం వచ్చింది. దాని కింద రూపొందిన 301వ ప్రమాణం 1968 జనవరి 1 నుండి అమలయింది. గంటకు 30 మైళ్ళ వేగంతో కారును ఎదురుగా గోడకు కొట్టించినప్పుడు పెట్రోలు కారడం నిమిషానికి ఒక ఔన్సు మించకూడదన్నది దాని సారాంశం. ఆ తరువాత 1976, 1977 మోడళ్ళ నుండి బండి పల్టీ కొట్టినప్పుడు, వెనుక నుండి, పక్క నుండి దెబ్బ తగిలినప్పుడు కూడా ఈ పరీక్ష నెగ్గవలసి వచ్చింది. చట్టం ఫలానా మీట పెట్టమని చెప్పలేదు. పెట్రోలు కారకూడదని మాత్రమే చెప్పింది. ఎలా ఆపాలన్నది తయారీదారుల ఇష్టానికి వదిలింది.

ఇక్కడ ఫోర్డు పింటో కథ చెప్పక తప్పదు. 1970 సెప్టెంబరులో మార్కెట్టుకు వచ్చిన ఆ చిన్న కారులో పెట్రోలు తొట్టి వెనుక ఇరుసుకూ బంపరుకూ నడుమ ఇరుక్కుని ఉండేది. వెనుక నుండి దెబ్బ తగిలితే తొట్టి చిట్లేది. 1972లో కాలిఫోర్నియాలో అటువంటి ప్రమాదంలో కారు నడుపుతున్న స్త్రీ మరణించింది, ఆమెతో ఉన్న పదమూడేళ్ళ బాలుడు ఘోరంగా కాలిపోయాడు. 1978 ఫిబ్రవరిలో జ్యూరీ 12 కోట్ల 50 లక్షల డాలర్ల దండనా పరిహారం విధించింది. న్యాయమూర్తి దానిని 35 లక్షలకు తగ్గించారు. 1981లో పైకోర్టు ఆ తీర్పును సమర్థించింది. 1978లోనే సుమారు 15 లక్షల బండ్లను కంపెనీ వెనక్కు పిలిపించి సవరించవలసి వచ్చింది.

పింటో ఇంజనుది యాంత్రిక పంపు. పంపు ఆగినంత మాత్రాన ఆ బాలుడికి రక్ష దొరికేది కాదు, ఎందుకంటే చిట్లినది తొట్టి. పంపు నుండి ముందుకు వెళ్ళే ధారను మాత్రమే ఈ మీట ఆపగలదు. తొట్టికి కన్నం పడితే అది చేయగలిగినది ఏమీ లేదు. తొట్టిని ఎక్కడ పెట్టారు, గొట్టాలు ఏ దారిన నడిపారు, మూత ఎంత బిగువుగా ఉంది అన్నవి దీనికి తోబుట్టువుల వంటివి. పాత కారు ఉన్నవారు మీట ఒక్కటి బిగించుకుని నిశ్చింతగా ఉండడం తలుపుకు గొళ్ళెం పెట్టి కిటికీలు తెరిచి ఉంచడమే.

కాలక్రమాన ఈ గుండుకు బంధువులు కూడా పుట్టారు. 1960ల చివర అమెరికాలో ఆలెన్ బ్రీడ్ రూపొందించిన గాలిసంచి సూచకం కూడా గొట్టంలో అయస్కాంతం పట్టుకున్న ఉక్కు గుండే. గాలిసంచులు సర్వసాధారణమైన తరువాత, దెబ్బను పసిగట్టే ఎలక్ట్రానిక్ పెట్టె ఇచ్చే సంకేతంతోనే పంపు ఆపే పద్ధతి వచ్చింది. విడి మీట క్రమంగా కొత్త కార్ల నుండి తప్పుకుంది. ఇప్పుడది పాత కార్ల సొత్తు. అందువల్లనే దాని పోషణ గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉంది.

నలభై, యాభై ఏళ్ళ వయసు గల మీటకు రెండు రకాల జబ్బులు వస్తాయి. మొదటిది అనవసరంగా తెగిపోవడం. అయస్కాంతపు పట్టు సడలినా, డబ్బీని బిగించిన రేకు వదులై ఊగుతున్నా, పెద్ద గుంతకో తలుపు విసురుకో గుండు ఎగిరి బండి నిలిచిపోతుంది. రెండవది స్పర్శలు తుప్పుపట్టి విద్యుత్తుకు అడ్డుపడడం. బండి కదిలాక కొంతసేపటికి పంపు నీరసించి ఇంజను మొరాయిస్తుంది. అందరూ కార్బురేటరును విప్పుతారు. తప్పు డబ్బీలో ఉంటుంది. దీనికి పరీక్ష సులువే. పంపు నడుస్తుండగా మల్టీమీటరు రెండు కొనలను మీట రెండు తీగల మీద పెట్టి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న మీట మీద వోల్టేజి దాదాపు సున్న చూపాలి. అర వోల్టు, ఒక వోల్టు చూపితే ఆ మేరకు పంపు నోటి దగ్గరి కూడు అది తినివేస్తున్నదన్నమాట.

గుండు పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి డబ్బీని దాని బిగింపు నుండి విడదీసి, తీగలు తీసివేసి, నిలువుగా పట్టుకుని చెక్క మీద పక్కవాటుగా ఒక దెబ్బ వేయాలి. బొత్తం ఎగరాలి. స్పర్శలు విడిపోయాయని మీటరు చెప్పాలి. బొత్తం నొక్కితే మళ్ళీ కలవాలి. ఏడాదికి ఒకసారి ఈ పరీక్ష చేయడానికి పది నిమిషాలు చాలు. తిరిగి బిగించేటప్పుడు డబ్బీ నిలువుగా ఉండాలి, బండి గట్టి కట్టడానికి అంటుకుని ఉండాలి, నీరు చేరని చోట ఉండాలి. పల్చని రేకుకు బిగించిన మీట ఆ రేకు ఊగిసలాటకే గుండు వదలవచ్చు.

ఇక్కడ నా పూర్వ విద్యార్థి ఒకరి సంగతి చెప్పాలి. ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటున్న అతను అమెరికా నుండి తిరిగి వచ్చిన 1978 నాటి ఎంజిబి కారు ఒకటి కొన్నాడు. "దీనికి తెలుగులో ఏమనాలి మాస్టారూ?" అని ఫొటో పంపినప్పుడే ఈ డబ్బీ గురించి నేను చదవడం మొదలుపెట్టాను. ఆ ఫొటోలో డబ్బీ తన చోటనే ఉంది. దానికి రావలసిన రెండు తీగలు మాత్రం పక్కన ఒకదానికొకటి మెలివేసి, టేపు చుట్టి ఉన్నాయి. టేపు అంచులకు పట్టిన మట్టిని బట్టి ఆ పని ఏళ్ళ క్రితమే జరిగిందని తెలుస్తూ ఉంది. ఏదో ఒకనాడు బండి దారిలో ఆగిపోయి ఉంటుంది. ఎవరో తీగలు కలిపి చూసి ఉంటారు. బండి నడిచింది. అంతటితో పని అయిపోయిందనుకున్నారు.

మన మెకానిక్కుల భాషలో దీనిని 'డైరెక్ట్ చేయడం' అంటారు. జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి ఐదు నిమిషాలు తీగలు కలిపి చూడడం తప్పు కాదు, అది వైద్యుడు నాడి పట్టడం వంటిది. అలాగే వదిలేయడం వేరు. అలా వదిలేసిన బండికీ మామూలు బండికీ ఏ తేడా తెలియదు. ఇంజను బాగానే నడుస్తుంది. టిక్ టిక్ బాగానే వినబడుతుంది. డబ్బీ తన చోటనే ఉంది గనుక కొన్నవాడు రక్ష ఉందనే నమ్ముతాడు. లేని రక్షను ఉన్నదని నమ్మడం, లేదని తెలిసి జాగ్రత్తపడడం కంటె ప్రమాదకరం. ఆ అబ్బాయి కొత్త మీట తెప్పించి తీగలు సరిచేసుకున్నాడు. నాకు మాత్రం ఇటువంటి మెలి తీగలు ఇంకా ఎన్ని పాత కార్లలో టేపు కింద నిద్రపోతున్నాయో అనిపించింది.

ఇదంతా సీమ కార్ల గొడవ, మనకేమిటని అనుకోవడానికి వీలు లేదు. మన రోడ్లను అర్ధ శతాబ్దం ఏలిన అంబాసడర్ 2014 దాకా తయారైంది. ప్రీమియర్ పద్మిని 2000 ప్రాంతంలో సెలవు తీసుకుంది. యాంత్రిక పంపు గల పాత బండ్లకు మన ఎండలు ఎంత శత్రువులో అప్పటి డ్రైవర్లకు తెలుసు. ఇంజను వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై ధార తెగిపోతే, పంపు మీద తడిగుడ్డ వేసి చెట్టు నీడన కూర్చునేవారు. ఇప్పుడు ఆ కార్లను ముచ్చటపడి పోషించుకుంటున్నవారిలో కొందరు ఈ బాధ పడలేక తొట్టి దగ్గర విద్యుత్తు పంపు పెట్టించుకుంటున్నారు. ఆవిరి బాధ తీరుతుంది. కాని ఆ ఒక్క మార్పుతో, కంపెనీవారు ఇచ్చిన ఇంజనుకూ పంపుకూ ఉన్న ముడి తెగిపోతుంది. చాలా చోట్ల ఆ పంపు తీగను నేరుగా తాళంచెవికి కలిపి ఊరుకుంటారు. మోరిస్ మైనరు యజమాని 1948లో ఏ స్థితిలో ఉన్నాడో, మనం డబ్బిచ్చి మరీ ఆ స్థితికి చేరుకుంటున్నాము. పంపు పెట్టించుకునేవారు అదే రోజున ఒక ఫ్యూజు, ఒక జడత్వపు మీట కూడా పెట్టించుకోవడం ఉత్తమం. వీలైతే ఆయిలు ఒత్తిడి స్విచ్చి కూడా కలపవచ్చు. పంపు ఖర్చుతో పోలిస్తే అది పెద్ద భారం కాదు.

మరొక కారణం కూడా ఉంది. మన దేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి సర్వత్రా వ్యాపించింది. బ్రిటనులో 2021 సెప్టెంబరు నుండి సాధారణ పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాలు ఉంటున్నది. ఆనాటి రబ్బరు గొట్టాలు ఇథనాలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చివరకు పగుళ్ళు తీస్తాయి. తెగడానికి సిద్ధంగా ఉన్న గొట్టం, ఆపేవాడు లేని పంపు, ఈ రెండూ ఒకే బండిలో కలిస్తే చిన్న దెబ్బ చాలు. మీటను పరీక్షించిన రోజునే గొట్టాలను కూడా వేలితో నొక్కి చూసి, అనుమానం ఉన్నవాటిని ఇథనాలుకు తట్టుకునే కొత్తవాటితో మార్చాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి మన పెద్దలు చెప్పిన సామెత ఈ విషయంలో అక్షరాలా నిజమవుతుంది.

ఈ పరికరాన్ని గురించి చదివినంతలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దాని నెత్తిన ఉన్న బొత్తం. కుదుపు తగ్గగానే గుండు తనంత తాను అయస్కాంతం మీదికి జారిపోయి, విద్యుత్తు మళ్ళీ కలిసేటట్లు చేయడం ఇంజనీర్లకు కష్టమేమీ కాదు. వారు కావాలనే అలా చేయలేదు. ఒకసారి తెగిన మీట మనిషి వచ్చి వేలితో నొక్కేదాకా కలవదు. నొక్కే ముందు ఏమి చేయాలో కార్లతో వచ్చే పుస్తకాలలో వ్రాసి ఉంటుంది. తాళంచెవి కట్టివేయాలి. బండి దిగాలి. ఇంజను గదిలో, బండి కింద, తొట్టి దగ్గర పెట్రోలు తడి గాని వాసన గాని ఉందేమో చూడాలి. ఏమీ లేదని తేలాకే బొత్తం నొక్కాలి. తాళంచెవి తిప్పి కొన్ని సెకన్లు పంపును నడవనిచ్చి, మళ్ళీ కట్టివేసి, రెండవసారి చూడాలి. అప్పుడు కూడా తడి కనబడకపోతేనే ఇంజను మొదలుపెట్టాలి. తడి కనబడితే బొత్తం జోలికి పోకుండా, బండి దగ్గర ఎవరినీ ఉండనీయకుండా, సహాయం కోసం కబురు చేయాలి.

చేతి కుళాయి కాలంలో మనిషికి ఉన్న బాధ్యతను యంత్రం చాలావరకు తీసుకుంది. ఈ ఒక్క చూపును మాత్రం మనిషికే మిగిల్చింది. పాత కారు ఉన్నవారు ఈ ఆదివారం ఒక్క పది నిమిషాలు కేటాయించి, తమ బండిలో ఆ డబ్బీ ఎక్కడుందో, దాని తీగలు దానికే వెళ్తున్నాయో లేదో చూసుకుంటే ఈ వ్యాసం వ్రాసిన ప్రయోజనం నెరవేరినట్లే.

స్వస్తి.